భాషాశాస్త్రం చదివాక ఎటు? సరిహద్దు నేల నుంచి ఒక సమీక్ష

భాషాశాస్త్రంలో ఎంఏ చేస్తానంటే ఇంట్లో మొదట అడిగేది "ఎన్ని భాషలు నేర్పుతారు?" అని. తర్వాత అడిగేది "ఆపైన ఉద్యోగం ఏంటి?" అని. మొదటిదానికి జవాబు సులువు. అది భాషలు నేర్పే చదువు కాదు, భాష ఎలా పనిచేస్తుందో చెప్పే చదువు. రెండోదానికి ఆరు దశాబ్దాలుగా సూటి జవాబు దొరకలేదు. శాస్త్రాన్ని శాస్త్రం కోసమే చదవాలని కొందరు అంటారు. సమాజానికి అక్కరకు రాని చదువెందుకని మరికొందరు అడుగుతారు. కంప్యూటర్ రంగమే ఇక దీనికి దిక్కని ఇంకొందరి మాట. అసలు వేరే శాఖే అక్కర్లేదు, తెలుగు ఎంఏలో ఒకట్రెండు పేపర్లు చాలని అనేవారూ ఉన్నారు. ఈ నాలుగు వాదాలనూ ఒకచోట పెట్టి, ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడటం ఈ వ్యాసం పని. ఇందుకు కర్ణాటకలోని రాయచూరు జిల్లా లింగసుగూరును ఎంచుకోవడానికి కారణం ఉంది. నాలుగు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఈ చదువు ఏమివ్వగలదో, వాళ్లు ఈ చదువుకు ఏమివ్వగలరో తేల్చడానికి అంతకంటే తగిన చోటు అరుదు.

లింగసుగూరు నుంచి చూస్తే

హట్టి బంగారు గనులు, ముదగల్లు కోట ఈ తాలూకాలోవే. ఇప్పుడు వేరే తాలూకా అయిన మస్కి, 1915లో అక్కడ అశోకుడి శాసనం బయటపడే నాటికి లింగసుగూరు తాలూకాలోనే ఉండేది. గనుల ఇంజనీరు సి. బీడన్ ఆ రాతను చూశాడు. శాసన పరిశోధకుడు హెచ్. కృష్ణశాస్త్రి చదివి ప్రచురించాడు. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో 'దేవానాంపియ' వంటి బిరుదులే కనిపించాయి. చక్రవర్తి పేరు అశోకుడని చెప్పిన మొదటి శాసనం మస్కిది. ఆ రాత బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉంది. అంటే ఊళ్లో మాట్లాడే భాష ఒకటి, రాజ్యం రాసే భాష ఇంకొకటి కావడం ఈ నేలకు రెండువేల ఏళ్లకు పైబడిన అనుభవం.

పాలన మారినప్పుడల్లా చదువుల దిక్కూ మారింది. నిజాం రాజ్యంలో లింగసుగూరు ఒకప్పుడు జిల్లా కేంద్రం. 1905 పునర్వ్యవస్థీకరణలో ఆ జిల్లాను రద్దు చేశారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ ప్రాంతపు పై చదువులకు హైదరాబాదే దారి అయింది, అక్కడ బోధన ఉర్దూలో సాగేది. 1956లో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. చదువుల దిక్కు ధారవాడ విశ్వవిద్యాలయం వైపు మళ్లింది. 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయం వచ్చింది, ఇటీవల రాయచూరు జిల్లాకే ఒక విశ్వవిద్యాలయం ఏర్పడింది.

ఇళ్లల్లో మాత్రం కన్నడం, దక్ఖినీ, తెలుగు, తండాల్లో లంబాడీ కలిసే సాగాయి. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక సింధనూరు, మాన్వి వైపు కోస్తా రైతులు 'క్యాంపులు' వేసుకుని స్థిరపడ్డారు. వాళ్ల తెలుగు వేరు, తరతరాలుగా ఇక్కడున్నవారి తెలుగు వేరు.

భాషలు ఇలా పక్కపక్కన బతికితే ఏమవుతుందో ఒక చిన్న వాక్యంలోనే కనిపిస్తుంది. తెలుగులో "వస్తానని చెప్పాడు" అంటాం. కన్నడంలో "బర్తీని అంత హేళిద". దక్ఖినీలో "ఆతూఁ బోల్కే బోల్యా". మూడింట్లోనూ చెప్పిన మాట ముందు, దాన్ని ముడివేసే పదం మధ్యలో, చెప్పడమనే క్రియ చివర. ఉత్తరాది ఉర్దూలో అయితే "ఉస్‌నే కహా కి..." అని క్రియ ముందుకొచ్చి, చెప్పిన మాట వెనక పడుతుంది. ఇండో-ఆర్యన్ కుటుంబానికి చెందిన దక్ఖినీ ఈ నేల మీద ద్రావిడ వాక్యపు అచ్చులో ఒదిగింది. భారతదేశాన్ని ఒకే భాషా మండలంగా చూడాలని 1956లో భాషాశాస్త్రవేత్త ఎమెనో రాసిన వ్యాసానికి ఇటువంటివే ఆధారాలు. 1971లో పరిశోధకులు గంపర్జ్, విల్సన్ మహారాష్ట్రలోని సాంగ్లి జిల్లా కుప్వాడ్ గ్రామంలో కన్నడం, మరాఠీ, ఉర్దూ వ్యాకరణాలు ఒకదానికొకటి ఎలా దగ్గరయ్యాయో చూపారు. ఆ పరిశోధన ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలకెక్కింది. లింగసుగూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ అలాంటి ముడిసరుకు ఉంది.

కానీ పెద్ద సర్వేలు ఈ నేలను దాటిపోయాయి. 1894లో మొదలై 1928 దాకా సాగిన గ్రియర్సన్ భాషా సర్వే మద్రాసు, హైదరాబాదు, మైసూరు ప్రాంతాలకు రాలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తిపదకోశం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగింది. కనుక రాయచూరు తెలుగు ఇటు తెలుగు సర్వేల్లోనూ లేదు, అటు కన్నడ పరిశోధనలకూ కేంద్రం కాలేదు.

ఈ చదువు ఇక్కడిదాకా ఎలా వచ్చింది

తెలుగు నేలతో ఈ శాస్త్రానికి పాత చుట్టరికమే ఉంది. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో వాదించింది క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి జతచేసిన వ్యాసంలోనే. ద్రావిడ భాషలను పోల్చిన కాల్డ్వెల్ వ్యాకరణ గ్రంథం 1856 నాటిది. అంటే ఎల్లిస్ తర్వాత 40 ఏళ్లకు వచ్చింది.

విశ్వవిద్యాలయ శాఖలు పుట్టకముందే భాషాశాస్త్రవేత్తగా బతికినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చి, సవర పిల్లలకు వాచకాలు తయారుచేసి, 1931లో సవర భాషా వివరణ గ్రంథాన్ని, ఆ తర్వాత నిఘంటువును అచ్చువేయించాడు. ఆయనకు ఈ శాస్త్రంలో పట్టా లేదు. ఈనాటి పట్టభద్రులు చేయాల్సిన పనులు దాదాపు అన్నీ ఆయన చేశాడు.

శాఖల యుగం స్వాతంత్ర్యం తర్వాతిది. 1950ల నడుమ పుణె దక్కన్ కాలేజీ, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో, వేసవి పాఠశాలలు పెట్టి ఒక తరాన్ని తయారుచేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1957లో పెన్సిల్వేనియాలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆయన 'తెలుగు వెర్బల్ బేసెస్' 1961లో వచ్చింది. 1962లో ఉస్మానియా భాషాశాస్త్ర శాఖకు ఆయన తొలి ఆచార్యులయ్యారు. వ్యవసాయ పదాల మీద మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం కూడా అదే ఏడు వెలువడింది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. కార్నెల్‌లో పరివర్తన వ్యాకరణ పద్ధతిలో తెలుగు మీద పరిశోధన చేసిన చేకూరి రామారావు 1975లో 'తెలుగు వాక్యం' రాసి ఆ సిద్ధాంతాన్ని తెలుగు పాఠకుల చేతిలో పెట్టారు.

ఆ తర్వాత సంస్థలు వరుసకట్టాయి. 1969లో మైసూరులో భారతీయ భాషల కేంద్రీయ సంస్థ, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం, 1988లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం, 1991లో హంపి కన్నడ విశ్వవిద్యాలయం, 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, 1990ల చివర హైదరాబాదు ట్రిపుల్‌ఐటీలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం. చదువుకునే చోట్లు పెరిగాయి. చదివినవారికి పోస్టులు ఆ వేగంతో పెరగలేదు. ఈనాటి చర్చకు మూలం అదే.

రెండేళ్ల చదువు, దాని లోపలి కథ

మన దేశంలో భాషాశాస్త్రం ఎక్కువగా ఎంఏలోనే మొదలవుతుంది. పీయూసీలోనో డిగ్రీలోనో దీని పేరు వినని విద్యార్థి, చరిత్రో తెలుగో ఇంగ్లిషో చదివి నేరుగా వచ్చి పడతాడు. మొదటి సెమిస్టరులో నాలుక ఎక్కడ తాకితే ఏ ధ్వని పుడుతుందో, దాన్ని అంతర్జాతీయ ధ్వనిలిపిలో ఎలా రాయాలో నేర్పుతారు. ఆ తర్వాత వర్ణాలు, పదాంశాలు, వాక్యనిర్మాణం, అర్థం, భాషల చరిత్ర. పేరు కూడా తెలియని భాషలోని ఇరవై ముప్పై పదాలు ఇచ్చి అందులోని సూత్రం పట్టమంటారు. సాహిత్యం నుంచి వచ్చినవారికి ఇది లెక్కల పరీక్షలా అనిపిస్తుంది. లెక్కల నుంచి వచ్చినవారికి భాష కొత్తగా కనిపిస్తుంది.

అసలు మలుపు ఫీల్డ్‌వర్క్ దగ్గర. భాష చెప్పేవారి ఎదుట కూర్చుని, శరీర భాగాలు, బంధుత్వాలు, అంకెలు వంటి మౌలిక పదాలతో మొదలుపెట్టి, నెమ్మదిగా వాక్యాల్లోకి వెళ్లాలి. రికార్డు చేసేముందు అనుమతి అడగాలి. ఒకే ప్రశ్న రెండు తీర్లుగా వేసి సరిచూసుకోవాలి. ఈ పని బాగా నేర్పే శాఖకు, నోట్సుతో నెట్టుకొచ్చే శాఖకు తేడా విద్యార్థి జీవితాంతం కనిపిస్తుంది.

పాఠ్యపుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లిషులోనే ఉండటం కన్నడ, తెలుగు మాధ్యమాల్లో చదివి వచ్చినవారికి పెద్ద అడ్డు. కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1974లో వచ్చిన 'తెలుగు భాషా చరిత్ర' వంటి పుస్తకాలు ఇప్పటికీ ఆసరా ఇస్తున్నాయి. కొత్త సిద్ధాంతాలను తెలుగులో వివరించే పుస్తకాలు మాత్రం తక్కువ. నాలుగు భాషలు అలవోకగా మాట్లాడే విద్యార్థి ఇంగ్లిషులో సెమినార్ ఇవ్వాల్సి వచ్చేసరికి వెనకబడిపోతాడు. భాషను గురించిన శాస్త్రంలోనే భాష అడ్డుగోడ కావడం ఈ చదువులోని తీవ్రమైన లోపం.

పరిశోధన వైపు వెళ్లేవారికి ఆర్థిక అంతరం ఇంకో అడ్డు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేకుండా చేరిన పరిశోధకులకు ఇచ్చేది 8,000. ఒకే గైడు దగ్గర, ఒకే హాస్టల్లో ఉండే ఇద్దరి మధ్య ఇంత తేడా. ఇల్లు నడపాల్సిన కుటుంబం నుంచి వచ్చినవారు మధ్యలో మానేయడానికి ఇది ఒక్కటి చాలు.

నాలుగు వాదాలు

*శాస్త్రం శాస్త్రం కోసమే.* భాష మనిషి మెదడుకు, చరిత్రకు అద్దం కాబట్టి దాన్ని ఉద్యోగంతో తూచకూడదనేది ఈ వాదం. దీనికి బలమైన సాక్ష్యం ఉంది. 1983లో కృష్ణమూర్తి, మోజెస్, డాన్‌ఫర్త్ కలిసి, ద్రావిడ భాషల్లో మార్పు చెందని సజాతీయ పదాల ఆధారంగా ఉపకుటుంబాలను గుర్తించే పద్ధతి ప్రతిపాదించారు. గణాంకశాస్త్రాన్నీ కంప్యూటర్‌నూ వాడిన ఆ పని ఏ ఉద్యోగ ప్రకటనను చూసి చేసింది కాదు. భాషల వంశవృక్షాలను కంప్యూటర్‌తో గీసే నేటి పరిశోధనలకు అలాంటివే ముందడుగులు. ఈ వాదం బలహీనత కూడా స్పష్టమే. పోస్టుల్లేని విద్యార్థి ఓపిక మీద ఏ శాస్త్రమూ ఎల్లకాలం నడవదు.

*సమాజానికి పనికిరావాలి.* గిడుగు వారసత్వం ఇది. నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు, గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన, పత్రికా భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా వంటి భాషల్లో బహుభాషా విద్య కార్యక్రమం నడిచింది. పత్రికల వైపు బూదరాజు రాధాకృష్ణ పేరు చెప్పుకోవాలి. తొలి తెలుగు శాసనాల భాష మీద పరిశోధించిన ఆయన, తర్వాత ఈనాడు జర్నలిజం పాఠశాలలో తరాల విలేకరులకు తెలుగు రాయడం నేర్పారు. శాసనాల పరిశోధన పత్రికల భాషకు ఆసరా కాగలదని చూపారు. ఈ వాదంలో చిక్కేమిటంటే, ఇలాంటి పనులు ప్రభుత్వ పథకాల మీద నడుస్తాయి. పథకం ఆగితే పనీ ఆగుతుంది, అందులో చేరిన యువకుల బతుకూ ఆగుతుంది.

*సాంకేతిక రంగమే దారి.* యంత్రానువాదం, మాటను రాతగా మార్చడం, శోధన యంత్రాలు, ఇప్పుడు కృత్రిమ మేధ. హైదరాబాదు ట్రిపుల్‌ఐటీలో కంప్యూటర్ సైన్సు బీటెక్‌తో పాటు గణన భాషాశాస్త్రంలో ఎంఎస్ కలిపి చేసే కోర్సు ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జి. ఉమామహేశ్వరరావు వంటివారు తెలుగు పదాలను విడదీసి చూపే సాధనాల మీద పనిచేశారు. 2022 జులైలో కేంద్రం భారతీయ భాషల అనువాద వేదిక 'భాషిణి' ప్రారంభించింది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్, బెంగళూరు ఐఐఎస్సీ 'వాణి' ప్రాజెక్టు ఊరూరి మాటలను రికార్డు చేస్తున్నాయి.

ఈ రంగంలో భాషాశాస్త్ర విద్యార్థి ఏం చేస్తాడో దగ్గరగా చూద్దాం. హైదరాబాదు పరిశోధకులు పాణిని కారక సిద్ధాంతం ఆధారంగా వాక్యాలకు గుర్తులు పెట్టే పద్ధతి రూపొందించారు. "సీత పుస్తకం చదివింది" అనే వాక్యంలో సీతకు కర్త గుర్తు, పుస్తకానికి కర్మ గుర్తు పెడతారు. ఇందులో చిక్కేమీ లేదు. "సీతకు ఆకలి వేసింది" అనేసరికి ఆగాలి. ఆకలి సీతదే, కానీ క్రియ సీతతో కాక ఆకలితో కలిసి నడుస్తోంది, సీతకేమో 'కు' విభక్తి ఉంది. ఇలాంటి చోట 'అనుభవ కర్త' అనే వేరే గుర్తు వాడతారు. తెలుగు మాట్లాడే ఎవరైనా ఈ వాక్యం అనగలరు. ఇక్కడ ఆగి ఆలోచించాలని తెలిసేది మాత్రం ఈ చదువు చదివినవారికే. వేల వాక్యాల్లో ఈ నిర్ణయాన్ని ఒకే తీరుగా చేయగలగడమే వాళ్ల నైపుణ్యం.

ఈ వాదానికీ పరిమితి ఉంది. గుర్తులు పెట్టే పని తరచూ తాత్కాలిక ఒప్పందాల మీదే ఉంటుంది, ప్రాజెక్టుతో పాటే అయిపోతుంది. అదీకాక, పెద్ద భాషా నమూనాలు వచ్చాక గుర్తులు పెట్టిన వాక్యాల అవసరం తగ్గిందని కొందరు ఇంజనీర్లు అంటున్నారు. తక్కువ రాత ఉన్న భాషల్లో ఆ నమూనాలు చేసే తప్పులు పట్టేందుకు భాషాశాస్త్రవేత్త ఇంకా ఎక్కువ అవసరమని ఇంకో పక్షం వాదన.

*సాహిత్య శాఖలోనే ఉండాలి.* డిగ్రీ కాలేజీల్లో తెలుగు, కన్నడ, ఇంగ్లిషు శాఖలుంటాయి, భాషాశాస్త్ర శాఖ ఉండదు. అందుకే భాషాశాస్త్రంలో నెట్ సాధించినవారికి విశ్వవిద్యాలయాలే మిగులుతాయి. తెలుగు ఎంఏ, నెట్ ఉన్నవారికి ప్రతి జిల్లాలోనూ అవకాశం ఉంటుంది. సివిల్ సర్వీసెస్‌లో కూడా భాషాశాస్త్రం ఐచ్ఛికాంశం కాదు. తెలుగు, కన్నడ సాహిత్యాల మొదటి పేపర్లలో మాత్రం భాషా చరిత్రకు ఒక భాగం కేటాయించారు. ఈ లెక్కలు చూస్తే ఈ వాదం తోసిపుచ్చదగింది కాదు. అయితే సాహిత్య శాఖలో కలిపేస్తే లంబాడీ వంటి రాతలేని భాషలు, వాక్యనిర్మాణం, ప్రయోగశాల పనులు పక్కకు పోతాయి. ఒకట్రెండు పేపర్లతో శాస్త్రజ్ఞులు తయారుకారు.

దారులు పక్కపక్కన పెడితే

- విశ్వవిద్యాలయ బోధన, పరిశోధన. కావలసింది నెట్. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. నెట్, సెట్ వంటివాటిలో ఒకటి చాలు. గౌరవం, స్వేచ్ఛ ఉంటాయి. పోస్టులు తక్కువ, ఏళ్లకేళ్లు గెస్ట్ లెక్చరర్‌గా ఉండాల్సి రావచ్చు.
- కేంద్ర భాషా సంస్థలు. మైసూరు సంస్థ, దాని ప్రాంతీయ కేంద్రాలు, నెల్లూరులోని ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం. భాషాశాస్త్ర పట్టాకు నేరుగా విలువ ఇచ్చే చోట్లు ఇవి. కానీ చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు మీద ఆధారపడినవి.
- సాంకేతిక సంస్థలు. ప్రోగ్రామింగ్ వస్తేనే నిలుస్తారు. జీతం అన్నిటికంటే మెరుగు, భద్రత అనిశ్చితం.
- పత్రికలు, అనువాదం, నిఘంటువులు. పట్టా కంటే రాసే చేతికి విలువ. రెండు భాషల్లో రాయగలిగినవారికి పని దొరుకుతుంది, ఆదాయం మాత్రం ఒక తీరుగా ఉండదు.
- శాసన పరిశోధన. భారత పురావస్తు సర్వే శాసన విభాగానికి మైసూరే కేంద్రం. పాత లిపులు, సంస్కృతం, ద్రావిడ భాషలు తెలియాలి. మస్కి నేల పిల్లలకు ఇది పరాయి రంగం కాదు, కానీ ఖాళీలు బహుకొద్ది.
- వాక్, శ్రవణ చికిత్స. ఇక్కడ అపోహ ఎక్కువ. భాషాశాస్త్ర ఎంఏతో చికిత్సకులు కాలేరు. పీయూసీలో సైన్సు చదివి, ఆ తర్వాత ప్రత్యేక డిగ్రీ చేసి, భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. మైసూరులో 1965 నుంచి నడుస్తున్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇందుకు పేరున్నది. ఈ సంగతి పదో తరగతిలోనే తెలియాలి, ఎంఏ తర్వాత తెలిస్తే ఆలస్యం.

ఈ వరుసలో తేలేది ఒకటే. ఏ దారిలోనూ భాషాశాస్త్రం ఒక్కటే సరిపోవడం లేదు. దానికి తోడు బోధనా భాషలో ఎంఏ, ప్రోగ్రామింగ్, పాత లిపుల జ్ఞానం, రాసే నేర్పు, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఇది ఈ శాస్త్రానికి చిన్నతనం కాదు, దాని స్వభావం. భాష ప్రతిచోటా ఉంటుంది కనుక, దాన్ని చదివినవారు తాము పనిచేసే రంగాన్నీ తెలుసుకోవాలి.

ఇంకా తేలనివి

మొదటిది, నాలుగేళ్ల డిగ్రీ. 2020 విద్యా విధానం తర్వాత డిగ్రీ స్థాయిలోనే భాషాశాస్త్రం నేర్పవచ్చన్న ఆశ ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నేరుగా పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. ఎంఫిల్ రద్దయింది. కానీ తాలూకా కేంద్రాల్లోని డిగ్రీ కాలేజీల్లో ఈ సబ్జెక్టు నేర్పేవారే లేనప్పుడు ఈ వెసులుబాటు నగరాలకే పరిమితమవుతుంది.

రెండోది, ప్రాంతీయ న్యాయం. రాజ్యాంగం 371(జె) అధికరణం కింద, రాయచూరు ఉన్న కళ్యాణ కర్ణాటక విద్యార్థులకు రాష్ట్ర సంస్థల్లో, ఉద్యోగాల్లో స్థానిక కోటా ఉంది. హైదరాబాదులోని కేంద్ర విశ్వవిద్యాలయం ఒకప్పటి చదువుల రాజధానిలోనే ఉన్నా ఆ కోటా అక్కడ వర్తించదు. భాషాశాస్త్రం చదవడానికి ఈ ప్రాంతానికి దగ్గరలోని పెద్ద కేంద్రాల్లో ఆ విశ్వవిద్యాలయం ఒకటి.

మూడోది, ఏ భాషలకు పని ఉంటుందనేది. 'భాషిణి' ప్రధానంగా ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలతో మొదలైంది. లంబాడీ అందులో లేదు. 2011 జనగణనలో 32 లక్షలకు పైగా మంది మాతృభాషగా చెప్పిన లంబాడీని హిందీ కింద లెక్కవేశారు. దక్ఖినీని ఉర్దూలో కలిపేస్తారు. సర్వేలు ఈ నేలను దాటిపోయినట్టే కొత్త సాంకేతికత కూడా దాటిపోతుందా అన్నది నిజమైన భయం.

నాలుగోది, యాజమాన్యం. పల్లెలో రికార్డు చేసిన మాట ఎవరిది? చెప్పినవారికి ప్రతిఫలం ఎంత, పరిశోధక విద్యార్థి పేరు ఎక్కడ కనబడుతుంది? దేశంలో దీనిపై ఒప్పుదల ఇంకా కుదరలేదు.

ముగింపు మాట

నాలుగు వాదాల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు, ఏదీ ఒంటరిగా నిలవదు. శాస్త్ర లోతు లేని సాంకేతిక శిక్షణ మూడేళ్లలో పాతబడుతుంది. సమాజం ముఖం చూడని శాస్త్రానికి నిధులు ఎండిపోతాయి. కాబట్టి తీర్పు ఇది: భాషాశాస్త్రం చదవదగ్గ చదువే, అయితే రెండో నైపుణ్యాన్ని మొదటి సెమిస్టరు నుంచే జతచేసుకున్నవారికి.

విశ్వవిద్యాలయాలు చేయాల్సినవి మూడున్నాయి. ప్రవేశాల్లో విద్యార్థి మాట్లాడే భాషలకు మార్కులు ఇవ్వండి. నాలుగు భాషల ఇంట్లో పెరిగినవారి చెవికి ఉన్న తర్ఫీదును ఏ కోచింగూ ఇవ్వలేదు. సెమినార్లు, సిద్ధాంత వ్యాసాలు తెలుగు, కన్నడాల్లో కూడా అనుమతించండి. హైదరాబాదు, మైసూరు, హంపి, కుప్పం శాఖలు కలిసి రాయచూరు సరిహద్దు భాషల సర్వే చేపట్టండి. రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిన పనిని ఆ సరిహద్దుకు ఇరువైపులవారు కలిస్తేనే ముగించగలరు.

లింగసుగూరు, ముదగల్లు, మస్కి, సింధనూరు విద్యార్థులకు ఒక మాట. ఈ చదువులో చేరేముందు ఆ శాఖలో ఫీల్డ్‌వర్క్ ఎన్నాళ్లు ఉంటుందో, ప్రోగ్రామింగ్ నేర్పుతారో లేదో, గత విద్యార్థులు ఎక్కడున్నారో అడగండి. జవాబు తృప్తిగా ఉంటే నిస్సంకోచంగా చేరండి. మీ అమ్మమ్మ మాట్లాడే తెలుగు, మీ పక్కింటి దక్ఖినీ, మీ తండా లంబాడీ ఇంతవరకు ఎవరూ సరిగా రాసిపెట్టలేదు. ఆ పని చేయగలిగింది మీరే.